లోను తీరని ట్రావెల్ ట్రైలర్ అమ్మకం: కన్‌సైన్‌మెంట్ నుంచి వెనక్కి తెచ్చిన ఒక కేసు

డాలస్ చుట్టుపక్కల వాడిన ఆర్‌వీలను, అంటే లోపలే పడుకోవడానికి, వండుకోవడానికి వీలున్న బండ్లను, తనిఖీ చేయడం నా పని. కొనేవాళ్ళు పిలిస్తే బండి పైకప్పు నుంచి టైర్ల దాకా చూసి రిపోర్టు ఇస్తాను. అమ్మేవాళ్ళు పిలిస్తే ఎంత ధర పలుకుతుందో, ఏది బాగు చేయించాలో, ఏది ఉన్నదున్నట్టు చెప్పి అమ్మాలో చెబుతాను. నేనే అమ్మిపెట్టడం, కమిషన్ తీసుకోవడం ఉండదు. టెక్సాస్‌లో లైసెన్సు లేకుండా ఇతరుల బండ్లు అమ్మిపెట్టే వ్యాపారం చేయడానికి వీల్లేదు కూడా.

"డీలరు దగ్గర పెట్టాలా, మనమే అమ్ముకోవాలా?" అని ఏటా వసంతంలో చాలామంది అడుగుతారు. డీలరు దగ్గర పెట్టడాన్ని కన్‌సైన్‌మెంట్ అంటారు: బండి మనదిగానే ఉంటుంది, డీలరు అమ్మిపెట్టి కమిషన్ తీసుకుంటాడు. అడిగే ప్రతి ఒక్కరూ కమిషన్ చుట్టూనే లెక్కలు వేస్తారు. ఈ కేసులో కమిషన్ చిన్న విషయం. అమ్మకం ఆగిపోయింది బ్యాంకు చేతిలో ఉన్న టైటిల్ (బండి ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం) దగ్గర, ట్రైలర్ ముందు మూలలో చేరిన తేమ దగ్గర. ఆ రెండూ తేలాక ఏ దారిలో అమ్మాలన్నది పెద్ద ప్రశ్నగా మిగల్లేదు. అందుకే దీన్ని పూర్తిగా రాస్తున్నాను. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, అంకెలు కాస్త అటూ ఇటూగా ఇచ్చాను.

నేపథ్యం

భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఇద్దరు పిల్లలు. కోవిడ్ కాలంలో విమానాలు, హోటళ్ళు వద్దనుకుని 2021 మే నెలలో కొత్త ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. ఇంజను లేకుండా పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే రకం. పొడవు 26 అడుగులు, ఒక వైపు గోడ భాగం బయటికి జరిగి లోపల చోటు పెంచుతుంది (దాన్నే స్లయిడ్ అంటారు), వెనక పిల్లలకు బంక్ పడకలు. ఖాళీ బరువు సుమారు 5,300 పౌండ్లు, సామానుతో కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు 7,000. మొదటి రెండేళ్ళు బాగా తిరిగారు. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దవాళ్ళను కూడా తీసుకెళ్ళారు. లోపల పప్పు, చారు, తాలింపులు అన్నీ జరిగాయి.

2021లో కొనడం వాళ్ళ తప్పేమీ కాదు, ఊరంతా అదే పని చేస్తోంది. ఆర్‌వీ ఇండస్ట్రీ అసోసియేషన్ లెక్క ప్రకారం ఆ ఏడాది ఫ్యాక్టరీల నుంచి 6 లక్షలకు పైగా ఆర్‌వీలు బయటికి వెళ్ళాయి. అంతకు ముందెన్నడూ అన్ని వెళ్ళలేదు. బండి దొరకడమే గొప్ప కాబట్టి స్టిక్కర్ ధర మీద ఎవరూ పెద్దగా బేరమాడలేదు. 2023కి ఆ సంఖ్య 3 లక్షల 13 వేలకు పడిపోయింది. డీలర్ల లాట్లలో (బండ్లు నిలిపే ఆవరణల్లో) పాత మోడల్ సంవత్సరం బండ్లు మిగిలిపోయాయి, వాటి మీద భారీ తగ్గింపులు వచ్చాయి. 2021లో కొని 2024లో అమ్మాలనుకున్నవాళ్ళందరికీ పోటీ ఆ కొత్త బండ్లే.

లోను 34,000 డాలర్లు, వడ్డీ 6.5 శాతం, గడువు 15 ఏళ్ళు. నెలకు 296 డాలర్లు అంటే ఎవరికీ బరువనిపించదు, చిక్కంతా అక్కడే ఉంది. మూడేళ్ళలో వాళ్ళు కట్టింది 10,600 డాలర్ల పైమాటే. అందులో అసలు కింద జమైంది 4,440 మాత్రమే. మిగతాదంతా వడ్డీ. అంటే 2024 మే నాటికి ఇంకా 29,560 బాకీ ఉంది. ట్రైలర్ విలువ మాత్రం 22,000 దగ్గరికి దిగిపోయింది. పదిహేనేళ్ళ లోను మొదటి సంవత్సరాల్లో అసలు నత్తనడకన తగ్గుతుంది, బండి విలువ పడిపోయేది సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే.

వాళ్ళు ముందుగా చేసినవి

హైదరాబాద్‌లో పెద్దాయన ఆరోగ్యం బాగోక తిరిగి వెళ్ళిపోవాలని 2024 జనవరిలో నిర్ణయించుకున్నారు. జూన్‌లో అక్కడ స్కూళ్ళు తెరుస్తారు. ఆలోపు ఇల్లు, కార్లు, ట్రైలర్ అన్నీ తేలాలి.

మొదట సొంతంగా ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టారు, ధర 30,900. ఆ ధర ఎలా వచ్చిందని అడిగితే భార్య నిజాయితీగా చెప్పింది, బాకీ తీరి ఒక వెయ్యి మిగలాలి కదా అని. అదే మోడల్‌కి ఇంకొందరు 31,000 అడుగుతున్నట్టు కూడా కనిపించింది. వాళ్ళు అడుగుతున్నారు, అంతే. ఆ ధరకు అమ్ముడైతే ఆ ప్రకటనలు నెలల తరబడి అక్కడే ఉండేవి కావు. నేను ధర చూసేటప్పుడు అడిగే ధరలను పక్కన పెట్టి, వాడిన బండ్ల విలువలు ఇచ్చే జేడీ పవర్ గైడ్‌లోని తక్కువ, సగటు రిటైల్ విలువలు తీసుకుంటాను, అమ్మకం జరిగాక ధరలు బయటపెట్టే కన్‌సైన్‌మెంట్ డీలర్ల జాబితాలతో పోల్చుకుంటాను. ఆ రెండూ ఈ ట్రైలర్‌ను 21,000, 23,500 మధ్య చూపించాయి.

ప్రకటనకు వచ్చినవి చాలావరకు మోసపు మెసేజ్‌లు. "ఫోన్‌కి కోడ్ వస్తుంది, చెప్పండి" అనేవాడు ఒకడు, ఫలానా సైట్‌లో రిపోర్టు కొని పంపమనేవాడు ఇంకొకడు. ఎక్కువ మొత్తానికి క్యాషియర్ చెక్ (బ్యాంకే రాసిచ్చే చెక్) పంపుతాను, మిగిలింది నా మనిషికి ఇచ్చేయండి అన్నవాడు కూడా ఉన్నాడు. అసలైన కొనుగోలుదారులు అడిగే మొదటి ప్రశ్న "ఎంత బరువు? నా ట్రక్కు లాగుతుందా?" అని. ప్రకటనలో బరువే రాయలేదు. ఫోటోలు స్టోరేజ్ లాట్‌లో, స్లయిడ్ మూసి ఉండగా తీసినవి. స్లయిడ్ మూసిన ట్రైలర్ లోపలి ఫోటో చూస్తే ఎవరికైనా ఇరుకు గదిలా కనిపిస్తుంది.

నెల దాటాక విసిగిపోయి మార్చి మధ్యలో ఒక డీలరు దగ్గర కన్‌సైన్‌మెంట్‌కి పెట్టారు. ఆ డీలరే అంతకు ముందు నేరుగా కొనేస్తానని 16,500 ఇవ్వజూపాడు. దానికంటే ఇది మేలనిపించింది. ఒప్పందం 60 రోజులు. కమిషన్ 10 శాతం, కనీసం 2,500 డాలర్లు. శుభ్రం చేసి సిస్టమ్స్ పరీక్షించినందుకు ఖర్చు 600, అమ్ముడైనా కాకపోయినా యజమానిదే. లాట్‌లో అడిగే ధర 25,900 పెట్టారు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

ఏప్రిల్ చివర్లో భార్య ఫోన్ చేసింది. భర్త అప్పటికే హైదరాబాద్ వెళ్ళిపోవడానికి టికెట్ కొన్నాడు. లాట్‌లో ఒకరు 21,500 ఇస్తామన్నారట.

"మా ట్రైలర్ అమ్మితే మేమే ఎదురు డబ్బు కట్టాలంటున్నారండీ. ఇదేం లెక్క?" అంది.

లెక్క సరైనదే. 21,500లో 2,500 కమిషన్ పోతే 19,000. బ్యాంకుకి కట్టాల్సింది 29,500 పైన. తేడా దాదాపు 10,500 వాళ్ళు తెచ్చి కడితేనే టైటిల్ విడుదలవుతుంది, అప్పుడే డీలరు బండి అప్పగించగలడు. ఒప్పందం రెండో పేజీలో ఆ వాక్యం ఉంది. సంతకం పెట్టేటప్పుడు ఎవరూ వేలు పెట్టి చూపించలేదు. ఆవిడ కంగారుపడి వద్దంది. ఆ కొనుగోలుదారు అదే లాట్‌లో 2023 మోడల్ కొత్త ట్రైలర్ తీసుకున్నాడు.

డీలరు మోసం చేశాడని ఆవిడ అనుమానం. నేను ఒప్పందం రెండుసార్లు చదివాను, మోసం కనిపించలేదు. కనిపించింది ఆ వ్యాపారం నడిచే తీరు. లాట్‌లోని కొత్త బండ్లను డీలరు అప్పు తెచ్చి నిలబెడతాడు, దాన్ని ఫ్లోర్ ప్లాన్ అంటారు. ప్రతి బండి మీదా రోజూ వడ్డీ పెరుగుతుంది. కన్‌సైన్‌మెంట్ బండి మీద అతనికి రూపాయి వడ్డీ లేదు. వచ్చిన మనిషిని సేల్స్‌మన్ ఏ బండి దగ్గరికి ముందు తీసుకెళ్తాడో వేరే చెప్పక్కర్లేదు. పైగా కొనేవాడు చూసేది నెల వాయిదా. కొత్తదానికి ఎక్కువ ఏళ్ళ లోను, తక్కువ వడ్డీ దొరికితే, మూడేళ్ళ పాతదానికీ దానికీ వాయిదాలో తేడా కొద్దిగానే ఉంటుంది.

ముందు బండిని చూశాను

ఏ దారి అని ఆలోచించే ముందు బండి ఏ స్థితిలో ఉందో తెలియాలి. డీలరు అనుమతి తీసుకుని లాట్‌లోనే తనిఖీ చేశాను.

పైకప్పు రబ్బరు పొర బాగానే ఉంది. స్లయిడ్ సీళ్ళు సరే. టైర్ల మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలు 4920, అంటే 2020లో 49వ వారం తయారీ. మూడున్నరేళ్ళవి, పెద్దగా అరగలేదు. ట్రైలర్ టైర్లు అరిగిపోయే ముందే వయసుతో పాడవుతాయి కాబట్టి ఇంకో రెండు మూడేళ్ళలో మార్చాల్సిందే. కానీ ఇప్పుడు మార్చి అమ్మితే ఆ ఖర్చు తిరిగి రాదు. కోడ్ ఫోటో ప్రకటనలో పెడితే చాలనుకున్నాం.

తేమ మీటర్ ముందు గోడ మీద పైనుంచి కిందికి జరుపుతూ వచ్చాను. కుడి మూలకు వచ్చేసరికి అంకె ఒక్కసారిగా పెరిగింది. మంచం కింద సామాన్ల అర తెరిచి టార్చి వేశాను. గోడ, నేల కలిసే చోట ప్లైవుడ్ అరచేతి వెడల్పున టీ రంగులోకి తిరిగింది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోలేదు, గట్టిగానే ఉంది. బయట నిచ్చెన వేసుకుని చూస్తే కారణం తేలింది. ముందు పైభాగంలో ఉండే చిన్న నారింజ రంగు లైట్లలో కుడివైపు దాని చుట్టూ సీలెంట్ ఎండి, పగిలి, గోరు పట్టేంత సందు ఏర్పడింది. మూడు టెక్సాస్ వేసవులు చాలు ఆ సీలెంట్‌కి. వాన నీళ్ళు అక్కడ దిగి, గోడ లోపలి నుంచి మూలకు చేరుతున్నాయి.

బయటి గోడ ఫైబర్‌గ్లాస్ ఇంకా ఉబ్బలేదు. ఉబ్బి పొర విడిపోయి ఉంటే ఆ ట్రైలర్ విలువ వేలల్లో పడిపోయేది, బాగుచేయించడం కూడా గిట్టుబాటు కాదు. ఇంకో రెండు మూడు నెలలు ఆగి ఉంటే ఆ దశకు వచ్చేదని నా అంచనా.

ఇక్కడ మొదటి నిర్ణయం. దాచడం అన్న మాటే లేదు, తెలిసి దాచితే తర్వాత కోర్టు దాకా వెళ్ళొచ్చు. మిగిలినవి రెండు. ఉన్నదున్నట్టు చెప్పి ధర తగ్గించడం ఒకటి, బాగుచేయించి చెప్పడం ఇంకొకటి. "తేమ ఉంది" అని చెప్పి అమ్మితే కొనేవాడు ఎంత లోపలికి పోయిందోనని ఊహించుకుని రెండు మూడు వేలు కోస్తాడు, సగం మంది అసలు చూడటానికే రారు. బాగుచేయించడానికి ఖర్చు 450. పాత సీలెంట్ గీకి, లైటు కింద నీళ్ళు దిగకుండా ఆపే కొత్త బ్యూటైల్ టేపు వేసి, ముందు భాగం అంచులన్నీ కొత్తగా సీల్ చేయించాం. ఆ వారంలోనే లాట్‌లో పని జరిగింది, ఎందుకంటే వానలు ఆగేలా లేవు. లోపల మరకను మాత్రం మార్చనివ్వలేదు, రంగు వేయనివ్వలేదు. ఆరేదాకా ఫ్యాన్ పెట్టి, తర్వాత మీటర్ అంకె ఫోటో తీసి, ముందటి ఫోటో పక్కన పెట్టాం. కొత్త ప్లైవుడ్ ముక్క కనిపిస్తే కొనేవాడికి అనుమానం, పాత మరక ఆరి ఉండటం కనిపిస్తే నమ్మకం.

లోను దగ్గర తీసుకున్న నిర్ణయం

ఈ కేసులో అసలు మలుపు ఇక్కడే. లోను ఇచ్చిన బ్యాంకు వేరే రాష్ట్రంది, ఇక్కడ బ్రాంచి లేదు. సొంతంగా అమ్మితే కొనేవాడు 22,000 డాలర్లు ఇచ్చి, టైటిల్ కోసం వారాల తరబడి ఎదురుచూడాలి. ఈలోగా అమ్మినవాళ్ళు ఇండియా వెళ్ళిపోతారు. నేనే కొనేవాడినైతే ఒప్పుకోను. కన్‌సైన్‌మెంట్‌లో అయితే డీలరు మధ్యలో ఉండి బ్యాంకుతో తేల్చుకుంటాడు, ఆ మేరకు అది నిజమైన సౌకర్యం. డబ్బును, కాగితాలను మధ్యలో పట్టి ఉంచే ఎస్క్రో సంస్థ ద్వారా చేయడం మూడో దారి, ఫీజు ఉంటుంది, కొనేవాడికి అలవాటు లేకపోతే భయపడతాడు.

వాళ్ళకు హైదరాబాద్‌లో ఇంటి కోసం దాచిన డబ్బు ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఆవిడకు మనసొప్పలేదు. "ముప్పై వేలు అందులో పెట్టేసి, ట్రైలర్ అమ్ముడు కాకపోతే?" అని భయం. నేను కాగితం మీద రెండు అంకెలు రాసి చూపించాను. 29,560లో సుమారు 7,500 డాలర్లు ఏ దారిలో అమ్మినా పోయేదే. బండి విలువకు, బాకీకి మధ్య తేడా అది, ఎవరి చేతుల్లోనూ లేదు. మిగిలిన 22,000 మాత్రం అమ్మకం అయ్యేదాకా కొన్ని వారాలు ఇరుక్కుంటుంది, అంతే. పోయేదాన్నీ ఇరుక్కునేదాన్నీ కలిపి చూడటం వల్ల ముప్పై వేలు పోతున్నట్టు అనిపిస్తోంది. పైగా బాకీ ఉన్నన్నాళ్ళూ రోజుకు 5 డాలర్ల చొప్పున వడ్డీ ఎలాగూ నడుస్తోంది.

రాత్రి ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పుకున్నారు. బ్యాంకును పేఆఫ్ మొత్తం (లోను పూర్తిగా తీర్చడానికి కట్టాల్సింది) రాతపూర్వకంగా అడిగాం, ఏ తేదీ దాకా చెల్లుతుందో, రోజు వడ్డీ ఎంతో అందులో ఉండాలి. వైర్ ద్వారా కట్టించాను. వ్యక్తిగత చెక్ పంపితే అది క్లియర్ అయ్యేదాకా బ్యాంకు లీన్ (బండి మీద తనకున్న హక్కు) విడుదల చేయదు. టెక్సాస్‌లో బాకీ తీరిన 10 రోజుల్లో లీన్ విడుదల చేయాలని చట్టం ఉంది. ఆ తర్వాత కాగితం టైటిల్ పోస్టులో రావాలి. మే మొదటి వారంలో కడితే నెలాఖరు లోపు చేతికి వచ్చింది.

ఇంకో ముడి ఉంది. టైటిల్ ఇద్దరి పేరు మీదా ఉంది, ఇద్దరూ సంతకం చేయాలి. భర్త విమానం ఎక్కబోతున్నాడు. ఎక్కే ముందే టెక్సాస్ మోటారు వాహనాల శాఖ వారి పవర్ ఆఫ్ అటార్నీ ఫారం, వీటీఆర్-271, భార్య పేరు మీద సంతకం చేయించాం. ఇది చేయకపోతే ఆ కాగితం హైదరాబాద్ వెళ్ళి రావడానికే వారం, పది రోజులు పోయేవి. తిరిగి వెళ్ళే కుటుంబాల్లో చాలామంది ఈ ఒక్క సంతకం మర్చిపోతారు.

లాట్ నుంచి ఎప్పుడు తీయాలి

ముందే తీసేస్తే 500 డాలర్ల రుసుము. గడువు మే మధ్యలో ముగుస్తుంది. టైటిల్ రావడానికి ఎలాగూ ఆ మాత్రం టైం పడుతుంది కాబట్టి అక్కడే ఉంచడం లెక్కకు సరిపోతుంది. ఈలోగా డీలరు మంచి ధరకు అమ్మినా మంచిదే, బాకీ తీరిపోయింది కనుక ఇక ఎదురు కట్టాల్సిన టెన్షన్ లేదు. డీలరు మాత్రం ధర 22,500కి దించమన్నాడు.

నన్ను ఇబ్బంది పెట్టింది వడగళ్ళు. ఉత్తర టెక్సాస్‌లో ఏప్రిల్, మే నెలల్లో గోల్ఫ్ బంతి అంత వడగళ్ళు పడటం కొత్త కాదు. లాట్‌లో వాతావరణం వల్ల జరిగే నష్టం యజమానిదేనని ఒప్పందంలో ఉంది. ఆవిడ తన బీమా కంపెనీని అడిగిందా అంటే లేదు. బండి అమ్మకం కోసం వేరే వ్యాపారస్తుడి దగ్గర పెట్టినప్పుడు కవరేజ్ మారొచ్చు. ఫోన్‌లో "ఉందండీ" అన్న మాట సరిపోదు, ఈమెయిల్లో తీసుకోమన్నాను. రాతపూర్వకంగా ఉందని వచ్చాకే గడువు దాకా ఉంచడానికి ఒప్పుకున్నాను.

ఒప్పందంలో మరో వాక్యం కూడా గమనించాం. గడువుకు 10 రోజుల ముందు రాసి ఇవ్వకపోతే అది మరో 60 రోజులు దానంతట అదే కొనసాగుతుంది. ఆ ఉత్తరం టైంకి ఇప్పించాను. మే మధ్యలో, 600 శుభ్రం ఖర్చు కట్టి, గొడవ లేకుండా ట్రైలర్ బయటికి తెచ్చారు.

కమిషన్ తేడా కోసమే అయితే తెమ్మనేవాడిని కాదు. 22,500కి అక్కడ అమ్ముడైతే చేతికి 20,000. సొంతంగా అమ్మితే ఖర్చులు పోను 21,000 చిల్లర వస్తుందని నా అంచనా. వెయ్యి డాలర్ల కోసం ఇద్దరు పిల్లలతో, ఇల్లు సర్దుకుంటున్న మనిషి మీద ఈ భారం పెట్టడం న్యాయం కాదు. తెమ్మన్న కారణం వేరు. జూన్‌లోపు అమ్ముడవ్వాలంటే ఈ బండిని ముందుగా చూపించేవాళ్ళు కావాలి, ఆ లాట్‌లో వెనక వరసలో అది జరగదు. గడువు దాటితే ఆవిడ విమానం ఎక్కాక, బండి లాట్‌లో, టైటిల్ ఇంకెక్కడో ఉండేది. యజమాని సముద్రాల అవతల ఉంటే ధర ఎంత దించమన్నా ఒప్పుకోవాల్సిందే.

పని చేసింది

స్టోరేజ్ లాట్‌లో కరెంటు ఉండదు, నీళ్ళుండవు. ఇంటి ముందు పెట్టడానికి కాలనీ నియమాలు ఒప్పుకోవు. అందుకని ఒక ప్రైవేటు ఆర్‌వీ పార్కులో యజమానిని ముందే అడిగి, అమ్మకం కోసమని చెప్పి, కొద్ది రోజులకు సైటు తీసుకున్నాం. 30 యాంప్ కరెంటు, నీళ్ళు, డ్రెయిన్ అన్నీ తగిలించి, స్లయిడ్ తెరిచి, ఆనింగ్ (బయటి నీడ పందిరి) పరిచి పెట్టాం. ఇలాంటి ట్రైలర్లలో గ్యాస్, కరెంటు రెండిటి మీదా నడిచే ఫ్రిజ్ చల్లబడటానికి రాత్రంతా పడుతుంది. చూడటానికి వచ్చే ముందు రోజే వేయించాను. ఫ్రీజర్ తెరిస్తే గడ్డకట్టిన ఐస్ కనిపించాలి, వేడి నీళ్ళ కుళాయి తిప్పితే వేడి నీళ్ళు రావాలి. వాడిన ట్రైలర్ కొనేవాడు భయపడేది ఇంటికి తీసుకెళ్ళాక ఏది పని చేయదోనని. అన్నీ నడుస్తూ కనిపిస్తే బేరం సగం తగ్గుతుంది.

లోపలి వాసన గురించి ఆవిడకు నేను చెప్పాల్సి వచ్చింది. మన వంటల తాలింపు వాసన పరుపుల్లోకి, కర్టెన్లలోకి చేరితే అందులో ఉండేవాళ్ళకు తెలియదు, తలుపు తీసిన కొత్తవాళ్ళకు తెలుస్తుంది. కుక్కలు, సిగరెట్లు ఉన్న బండ్ల విషయంలోనూ ఇదే మాట చెబుతాను. పొయ్యి మీది చిమ్నీ ఫిల్టర్ మార్పించాను. కర్టెన్లు ఉతికించి, పరుపులు ఎండలో పెట్టించాను. పైకప్పు వెంట్లు తెరిచి ఉంచాం. సువాసన స్ప్రేలు మాత్రం వద్దన్నాను, ఏదో దాస్తున్నారనిపిస్తుంది.

ప్రకటనలో ధర 22,900. మొదటి పంక్తిలోనే బరువులు, "టైటిల్ చేతిలో ఉంది, బాకీ లేదు" అన్న మాట. సీలెంట్ మరమ్మతు ఫోటోలు, తేమ మీటర్ ఫోటోలు, టైర్ కోడ్ కూడా పెట్టాం. ఈసారి వచ్చిన ఫోన్లు వేరేగా ఉన్నాయి. టైటిల్ గురించి, తేమ గురించి వాళ్ళు అడగాల్సిన ప్రశ్నలకు అక్కడే జవాబు ఉంది.

కొన్నది మనవళ్ళ కోసం బంక్ పడకలు వెతుక్కుంటున్న ఒక పెద్ద దంపతులు. ఆయన సొంత పికప్‌తో వచ్చాడు, ట్రైలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్, బరువును పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) అన్నీ ఉన్నాయి. మరక చూపించమని మంచం ఎత్తించి చాలాసేపు చూశాడు, తనే తెచ్చుకున్న మీటర్‌తో కొలిచాడు. తర్వాత హిచ్ మీద పడే బరువు గురించి అడిగాడు. నిండిన ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి, అంటే 6,500 పౌండ్లకు 650 నుంచి 975. ఆయన ట్రక్కు తలుపు మీది స్టిక్కర్‌తో సరిచూసుకున్నాడు. 21,800 దగ్గర తేలింది.

డబ్బు విషయంలో నేను పట్టుబట్టింది ఒక్కటే. ఆయన క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు) బ్రాంచికే అందరూ వెళ్ళి, అక్కడే చెక్ రాయించుకుని, అక్కడే టైటిల్ మీద సంతకాలు చేయాలి. ఇంటికి తెచ్చిన చెక్ అసలుదో నకిలీదో మనం తేల్చుకోలేం. టెల్లర్ ఎదురుగా రాసి ఇచ్చిన చెక్‌తో ఆ భయం లేదు. ఆవిడ తన తరఫున, భర్త తరఫున సంతకం పెట్టింది, పవర్ ఆఫ్ అటార్నీ జత చేసింది. టైటిల్ మార్పిడి దరఖాస్తు అయిన ఫారం 130-యు మీద అమ్మకందారు సంతకం. నంబరు ప్లేటు విప్పేసుకున్నారు. ఆ సాయంత్రమే మోటారు వాహనాల శాఖ సైట్‌లో అమ్మకం తెలియజేసే ఫారం పెట్టించాను. అమ్మిన 30 రోజుల్లో ఇది పెడితే తర్వాత ఆ బండితో ఏం జరిగినా అమ్మినవాళ్ళ మెడకు చుట్టుకోదు. ఇండియాలో కూర్చుని టెక్సాస్ టోల్ నోటీసులు చూసుకోవాల్సిన అవసరం ఉండకూడదు. బీమా అవన్నీ అయ్యాకే రద్దు చేయించాం.

మరమ్మతు 450, పార్కు సైటు, ప్రకటన ఖర్చులు పోను సుమారు 21,100 చేతికొచ్చింది. లాట్‌కు కట్టిన 600 వేరు. ఆవిడ, పిల్లలు జూన్‌లో వెళ్ళిపోయారు.

ఈ కేసు తర్వాత

ఎవరైనా ఫోన్ చేసి డీలరా, సొంతంగానా అని అడిగితే నేనిప్పుడు ముందు టైటిల్ ఎక్కడుంది, ఎవరి పేర్లున్నాయి, బాకీ ఎంత అని అడుగుతాను. ఆ తర్వాత ముందు మూలలు, పైకప్పు అంచులు. ధర అక్కడి నుంచి వస్తుంది, లోను బాకీ నుంచి రాదు.

కన్‌సైన్‌మెంట్ వద్దని నేను చెప్పను. ఈ కుటుంబం మార్చికే వెళ్ళిపోవాల్సి వచ్చి ఉంటే అదే సరైన దారి. ఖరీదైన మోటర్‌హోమ్ అయితే కొనేవాళ్ళకు లోను కావాలి, పాత బండిని మార్పిడికి ఇవ్వాలి, అవి డీలరే చేయగలడు. అలాంటప్పుడు నేను ఒప్పందంలో చూసేవి కొన్నున్నాయి. అమ్ముడైన ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారు, కొనేవాడి డబ్బు వేరే ఖాతాలో ఉంచుతారా, ధర దించే అధికారం ఎవరిది, వడగళ్ళకు ఎవరు బాధ్యులు, ముందే తీసేస్తే ఎంత. డబ్బు వేరే ఖాతా అన్న ప్రశ్నకు తడబడిన డీలరు దగ్గర పెట్టొద్దంటాను. వ్యాపారం కుదేలైన డీలరు బండి అమ్మేసి, వచ్చిన డబ్బు తన అప్పులకు వాడుకుని, యజమానికీ యజమాని బ్యాంకుకీ ఎగ్గొట్టడం ఈ రంగంలో జరిగినదే. బండి పోతుంది, లోను మాత్రం మన పేరు మీదే మిగులుతుంది.

ముందుగా బాకీ తీర్చే పొదుపు అందరికీ ఉండదు. లేనివాళ్ళకు నేను చెప్పేది, పోయే తేడా వరకైనా ముందు సమకూర్చుకోమని. ఈ కేసులో అది 7,500. కొనేవాడు క్రెడిట్ యూనియన్ లోనుతో కొంటుంటే ఆ సంస్థే మన బ్యాంకు పేఆఫ్ లెటర్ చూసి, మన తేడా డబ్బు కూడా తీసుకుని, మొత్తం నేరుగా బ్యాంకుకి పంపగలదు. టైటిల్ అటునుంచి అటే వాళ్ళకు వెళ్తుంది. దీనికి ఎక్కువ రోజులు పడుతుంది, కొనేవాడికి ఓపిక ఉండాలి, కాబట్టి ధరలో కొన్ని వందలు వదులుకోవాల్సి వస్తుంది. తేడా కూడా కట్టలేని పరిస్థితైతే అప్పుడే అమ్మడానికి దిగొద్దు. ముందు బ్యాంకుకు ఫోన్ చేసి, ఆ తేడాను విడిగా చిన్న లోనుగా మారుస్తారేమో అడగాలి. ఒప్పుకునే బ్యాంకులు కొన్ని ఉన్నాయి. ఒప్పుకుంటే రాసి ఇమ్మని, ఆ కాగితం చేతికి వచ్చాకే ప్రకటన పెట్టాలి.